నీళ్ళ అడుగు బావికి జీపీఎస్

తిరువళ్ళూరు దగ్గర రిజర్వాయరు కట్టినప్పుడు మా వంశం పొలాలు నీళ్ళపాలయ్యాయి. మునగనివాటిని మా పెదనాన్నలు అమ్ముకుతిన్నారు. అమ్మడానికి వీలుకాక మిగిలింది ఒక్కటే, నీళ్ళ అడుగున మా తాత కట్టించిన రాతిబావి. తిరుత్తణిలో రెండు గదుల అద్దె మేడమీద కూర్చుని నేను ఇప్పటికీ దాన్ని మా బావి అనే అంటాను. నవ్వేవాళ్ళు నవ్వనీ.

కొరమీనులు ఆ బావి రాళ్ళలోనే చేరతాయి. గుండ్రటి పుట్టి పడవల్లో తిరిగే జాలరులందరికీ ఆ చోటు తెలుసు, అడిగితే చెప్తారు. మా తాత బావి ఎక్కడుందో నేను వాళ్ళను అడగాలా? అక్కడ గాలం వెయ్యడానికి ఒక్క మనిషి పట్టే ప్లాస్టిక్ పడవ, కయాక్, పాతది ఒకటి కొన్నాను. ఇక చేతిలో జీపీఎస్ ఉంటే చాలు. తాడుకు బరువు కట్టి వదులుతూ పోయి, రాయి తగిలిన చోట గుర్తు పెట్టుకుంటే ఆపైన ఎవరి దయా అక్కర్లేదు. ఫోన్ చాలదా అంటారేమో, దాన్ని పోయిన నెలే రిజర్వాయరుకు సమర్పించుకున్నాను.

తిరువళ్ళూరులో ఫ్యాక్టరీ పని చేసే మా బావను వెంటబెట్టుకుని అంగడికి పోయాను. అంగడాయన రెండు ముందు పెట్టాడు. ఒకటి ఇటుకలా లావుగా, రబ్బరు బటన్లతో ఉంది. రెండోది పలచగా, రంగుల తెరతో, వేలు తాకితే పనిచేసేది.

"బటన్‌ది కడలుకు చేపలవేటకు పోయేవాళ్ళు కొంటారు సార్. మీలాంటివాళ్ళకు ఇదే" అన్నాడు రంగులదాన్ని నా వైపు జరుపుతూ.

బావ బల్లమీది నీళ్ళ చెంబు అందుకున్నాడు. "బామ్మర్దీ, చెయ్యి తడుపుకొని నొక్కి చూడు. మీన్లు పట్టే చేత్తోనే గదా నొక్కేది?"

"అంగట్లో నిలబడి చేతులు తడుపుకునే అలవాటు మా ఇంట్లో లేదు."

"పొలాలు మునిగినా అలవాట్లు మాత్రం మునగలేదప్పా మీకు!" అన్నాడు బావ. అంగడాయన నవ్వు ఆపుకోవడానికి బిల్లు పుస్తకం వెతుక్కున్నాడు. నేను రంగులదే కొన్నాను.

ఆదివారం పొద్దున గంటసేపు వెతికాక తాడు కొస రాయికి తగిలింది. తెడ్డు వదిలి తెరమీద వేలు పెట్టాను. తడివేలికి అది తమిళనాడు మొత్తం చూపించింది. మళ్ళీ నొక్కితే బంగాళాఖాతం చూపించింది. తుడుచుకుందామంటే చొక్కా కూడా తడే. ఈలోగా గాలి నన్ను ఎక్కడికో తోసేసింది. మళ్ళీ మొదటినుంచి వెతుకులాట.

ఒక జాలరి పుట్టి తిప్పుకుంటూ పక్కకు వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చాచాడు. "చేతులు తుడుచుకోండయ్యా. బావి ఈడ లేదు. ఆ కరెంటు టవరూ, పంపుహౌసూ ఒక గీతమీదికి వచ్చేదంకా తెడ్డెయ్యండి."

"నిన్ను అడిగానా?"

"అడగలేదు. పొద్దున్నించీ మా బావి చుట్టూ తిరగతా ఉండారు, చూడలేక చెప్తా ఉండా."

"మీ బావి అంటావా?"

"మా వలలు చినిగేది ఆడే గదయ్యా. మరెవురిది?"

చెప్పడానికి నా దగ్గర వంశ చరిత్రంతా ఉంది. అది చెప్పేలోగా గాలి నన్ను గట్టుకు చేర్చేది. తువ్వాలు తీసుకున్నాను. టవరూ పంపుహౌసూ ఒకటయ్యేదాకా తెడ్డు వేశాను. తాడు వదిలితే రాయి తగిలింది. అతని తువ్వాలుకు వేలు తుడుచుకుని నొక్కితే, గుర్తు పడింది.

"అయిపోయిందా?" అన్నాడు తువ్వాలు కోసం చెయ్యి చాచి. "అయితే రవంత జరగండయ్యా, వల వెయ్యాల."

జరిగాను.