జొరాయిదా చేతి తూకం

పెరూ రాజధాని లీమాలో కంప్యూటర్ సామాన్లమ్మే కొట్ల గేలరీ ఉంది కదా, దాని రెండో అంతస్తులో మెట్ల పక్కనే జొరాయిదా బల్ల. ఆవిడకి యాభై నాలుగేళ్ళు. కుర్రాళ్ళ వ్యాపారంలో ఈవిడకేం పనని మొదట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు బిగించాలంటే ఆ నవ్వినోళ్ళే ఆ బల్ల ముందు నించుంటారు.

ఇరవయ్యేళ్ళు వాళ్ళమ్మతో మార్కెట్లో బంగాళాదుంపలమ్మింది. కిలో ఎంతో ఆవిడ చెయ్యే చెప్పేది. ఇక్కడా అదే పద్ధతి. కార్డు తెస్తే జేనతో కొలుస్తుంది, కంప్యూటర్ డబ్బాలో జేన పెట్టి చూస్తుంది. "కాలు పెద్దది, చెప్పు చిన్నది. పట్టదు నాయనా" అంటుంది. తర్వాత కరెంటిచ్చే పెట్టెని అరచేతిలో పెట్టుకుంటుంది. బరువుంటే సరుకు, తేలిగ్గా ఉంటే గాలి. అంతే లెక్క.

ఒక గురువారం బల్తసార్ వచ్చాడు, జొరమొచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు కంప్యూటర్ని ఎత్తుకుని. పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు.

"అక్కా, కొత్త కార్డు వేయించాక వీడియో పని మొదలెట్టగానే పుటుక్కున ఆరిపోతోంది! ఎల్లుండే మా అమ్మాయి యాదిరా పదిహేనో పుట్టినరోజు, పెళ్ళంత పండగ కదా, ఒక్కో పని ఒక్కో చుట్టం మీదేసుకున్నాం. కేకు బాధ్యత మా తోడల్లుడిది, బూట్లు వాళ్ళ అత్తవి, వీడియో నాది. తెర మీద బొమ్మ పడకపోతే ఆ తోడల్లుడి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కార్డెక్కడ కొన్నావు?"

బల్తసార్ గడ్డంతో ఎదురు కొట్టు చూపించాడు. విల్ఫోర్ కొట్టు. "బేరమాడి కొసరు కూడా కొట్టేశానక్కా! కరెంటు పెట్టె ఊరికే ఇచ్చాడు. ఏడొందల యాభై వాట్లు! పాత పెట్టె చెత్త అని, వాడే తీసుకుని పారేశాడు పాపం."

ఆ ఊళ్ళో కొసరు లేకుండా ఏదీ కొనరు. కిలో చిక్కుళ్ళ మీద ఇంకో గుప్పెడు, గ్లాసు రసం మీద ఇంకో సగం. కానీ కరెంటు పెట్టెని కొసరడిగినోణ్ణి జొరాయిదా ఇప్పుడే చూస్తోంది. స్క్రూలు విప్పి, పెట్టె చేతిలోకి తీసుకుంది. కడుపు పట్టుకుని నవ్వింది.

"ఒరే, ఇది ఏడొందల యాభై అయితే నేనే పదిహేనేళ్ళ పిల్లని! దీని స్టిక్కరే దీనికంటే బరువుంది."

"మోసపోయానా?"

"కార్డు మంచిదేలే. దానికి ఆకలెక్కువ. ఈ పెట్టె నాలుగు మెతుకులు విదిలిస్తోంది, అది సొమ్మసిల్లిపోతోంది. పద, నీ చెత్తని వెతుకుదాం."

విల్ఫోర్ కొట్టు నిండా జనం. జొరాయిదా ఆ కొసరు పెట్టె పట్టుకుని, బల్తసార్‌ని వెంటేసుకుని నవ్వుతూ వెళ్ళింది.

"తమ్ముడూ, ఈ పెట్టె భలే ఉంది. నువ్వు ఆటలాడే మిషన్లో ఒకసారి పెట్టు. పది నిమిషాలు ఆగకుండా నడిస్తే, వారం రోజులు మెట్ల దగ్గర నించుని నీ కొట్టుకే జనాన్ని పిలుస్తా. నా గొంతు తెలుసుగా?"

"పెట్టవయ్యా, చూద్దాం!" అన్నారు వెనకాల ఉన్న జనం.

విల్ఫోర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మిషనంటే వాడికి ప్రాణం, ఆ పెట్టె సంగతీ వాడికి తెలుసు. "ఇప్పుడు తీరిక లేదక్కా…"

"నువ్వు కూర్చో, నేను బిగిస్తా" అని స్క్రూడ్రైవర్ తీసింది.

వాడు ఆవిడ చెవి దగ్గరికొచ్చాడు. "అక్కా, నీకు దండం పెడతా. ఏం కావాలి?"

"ఇతని పాత పెట్టె."

"పారేశానే!"

"పారేసింది ధర చీటీ కట్టుకుని పై అరలో ఎలా కూర్చుందిరా?"

బల్తసార్ పెళ్ళాం గుర్తుకని దాని మీద పెట్టిన గోళ్ళరంగు చుక్క అందరికీ కనపడుతూనే ఉంది. విల్ఫోర్ దాన్ని దించి ఇచ్చాడు. జొరాయిదా చేతిలో తూచి తలాడించింది. ఇదీ పెట్టంటే.

బల్ల దగ్గరికొచ్చి పాత పెట్టె బిగించింది. డబ్బాలో కార్డు తోకకి తగులుతున్న ఖాళీ అర ఒకటి పీకేసింది. కార్డుని దాని గాడిలో టక్కుమనేదాకా నొక్కి, రెండు కరెంటు వైర్లూ గుచ్చింది. తెర వైరు కార్డుకే పెట్టాలని బల్తసార్ చెవి మెలిపెట్టి మరీ చెప్పింది. మిషన్ అరగంట నడిచింది, ఒక్కసారీ ఆరలేదు.

శనివారం సాయంత్రం జొరాయిదా బాతు మాంసం అన్నం ప్లేటుతో ముందు వరసలోనే కూర్చుంది. తోడల్లుడి కేకు నాలుగంతస్తులు, పాపం ఒక్కరూ దానివైపు చూడలేదు. వీడియోలో యాదిరా కంటే బల్తసారే ఎక్కువసేపు కనపడ్డాడు. అయిపోగానే "మళ్ళీ వెయ్యండి!" అని ఎవరో గట్టిగా అరిచారు. జొరాయిదా తిరిగి చూస్తే, అరిచింది బల్తసారే.