కోతమిషను రోజు అంబలి

పోయిన మార్గశిరంలో, బుధవారం, పొద్దున్న సరిగ్గా పది గంటలకు మా పొలంలో కోతమిషను దిగింది.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ రోజుల్లో బొబ్బిలి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక పాత నవల కూడబలుక్కుంటూ చదువుతున్నాను. రాబోయే కాలం కథ అది. అందులో చాకిరీ అంతా యంత్రాలే చేస్తాయి. మనుషులందరూ ఒక పెద్ద సావిట్లో కలిసి తింటారు. మా ఆయన పోయాక ఒక్కదాన్నే తింటున్నాను కదా, ఆ సావిడి నాకు బాగా నచ్చింది.

కోతరోజు కూలీలకు అంబలి మోసుకెళ్లడం మా ఇంటి ఆనవాయితీ. గట్టు మీద వరసగా కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ, ఒకరి మొగుణ్ణి ఒకరు తిట్టుకుంటూ తాగేవాళ్లం. యంత్రం వస్తే అది ఎందుకు మానాలి? ఏటా మాకు కోతకొచ్చే ఆడవాళ్లను ముందురోజే పిలిచాను.

"పనెలాగూ నేదు. కూకుని కబుర్లాడుకుందాం, రండే."

వాళ్లలో పెద్దది నవ్వింది. "కోతకొస్తే నీ అంబలి మా హక్కు, అప్పా. పని సెయ్యకుండా తాగితే ముష్టి కాదేటి? ఆ మిషనుకే పోసీ!"

ఆ నవలలో ఇలా అన్నవాళ్లు ఎవరూ లేరు. అయినా మర్నాడు పెద్ద కుండనిండా కాచి పొలానికి మోసుకెళ్లాను.

గంటలో కోత అయిపోయింది. గట్టు మీంచి గ్లాసు ఎత్తి డ్రైవరును కేకేశాను. వేరే పొలానికి వెళ్లాలని చేయి ఊపాడు.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: కిందికి దిగని డ్రైవరు, నేను.