కంకణం చేతికి సూది

స్పిరిట్ దూదితో ఎవరి చెయ్యి తుడిచినా నాకిప్పటికీ రవణమ్మే గుర్తొస్తుంది. నిన్న, బర్మాలో మేముండే మింగళ తౌంగ్‌న్యున్‌లో, మా పేట క్లినిక్ గుమ్మం దాటానో లేదో, ఆ ఘాటు ముక్కుకు తగిలింది. ఇంకేం, ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే అయింది. నల్లగా, పొట్టిగా, నోటినిండా కిళ్ళీతో ఉండే ఆ మనిషి ముప్పై ఏళ్ళు మా పేట పిల్లలకు టీకాలు వేసిన నర్సు. బర్మా వాళ్ళు టీచరమ్మను పిలిచినట్టే ఆవిడనూ ‘సయామ’ అనేవారు. ఇక్కడి తెలుగువాళ్ళం మేమూ అంతే.

ఆవిడకో పద్ధతి ఉండేది. సూది తీసే ముందు, దానివల్ల వచ్చే చెడ్డ చెప్పేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తల్లితో “ఏటీ కాదు” అని ధీమాగా చెప్పిందట. ఆ సాయంత్రమే పిల్లాడికి ఒళ్ళు కాలిపోయింది. వాడు రెండు రోజుల్లో తేరుకున్నాడు గాని, ఆ తల్లి మరి తన చిన్నకొడుకును సూదికీ, చుక్కలకూ దేనికీ తీసుకురాలేదు. ఆ చిన్నవాడికి పోలియో వచ్చి కాలు పడిపోయింది. “జొరం వస్తాదని ఒక్క ముక్క సెప్పుంటే ఆ గుంటడు నడిసేవోడే” అని నాతో ఎన్నిసార్లు అందో.

నేను ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు కొత్త ఫ్లూ వచ్చింది. సర్కారును ఎదిరించి భిక్షువులు నడిచిన వీధుల్లో సైన్యం తుపాకులు పేలి అప్పటికి రెండేళ్ళు దాటింది. దేశం తలుపులేసుకుని కూర్చుంది. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు, చెప్పినా ఎవరూ నమ్మరు. పక్క వీధిలో కడుపుతో ఉన్న ఒక బర్మా అమ్మాయిని ఆయాసంతో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె తిరిగొచ్చింది, కడుపులో బిడ్డ దక్కలేదు. అంతలో కడుపుతో ఉన్నవాళ్ళకు సర్కారువాళ్ళు కొత్త టీకా వేస్తారని కబురొచ్చింది. ఒక్కరోజే, మందు ఉన్నంతవరకే. ఆ సూదికి కడుపులు పోతాయన్న పుకారు దానికంటే ముందే వచ్చింది. పైగా అవి అమ్మవారి జాతర రోజులు. మా మామ నిప్పులు తొక్కడానికి కంకణం కట్టుకుంటే, కాన్పు సుఖంగా కావాలని అత్త నా చేతికీ ఒకటి కట్టింది. కంకణం విప్పేదాకా ఒంటికి సూదిమందు తగలకూడదని మావాళ్ళ నియమం.

టీకా రోజున సయామ వచ్చి మా గుమ్మంలో చతికిలబడింది.

“ఆళ్ళ సూదిని ఎలాగ నమ్మడం? బిచ్చువుల్ని కాల్సినోళ్ళు కారేటి ఆళ్ళు?” అంది అత్త, గొంతు తగ్గించి.

“ఆళ్ళని నమ్మమని నానన్నానేటి? మందు పైదేశంలో సేసిందని సీసా మీద సదివేను. కరెంటు పోయినప్పుడు పెట్టిలో అయిసు కరగలేదని సెయ్యెట్టి సూసుకున్నాను.” ఆ తర్వాత నా వైపు తిరిగింది. “ఇలా సూడు తల్లీ. ముందు సెడ్డ సెప్తాను. బుజం వాస్తాది. ఒకరోజు జొరం రావచ్చు. నూటికో కోటికో ఒకరికి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడదు, అందుకే అరగంట నా కళ్ళముందే కూకోబెడతాను. కొత్త మందు, నాకు తెలీనిదీ ఉంటాది. ఏయించుకోకపోతే ఏటవ్వచ్చో పక్క ఈదిలో నువ్వే సూసేవు.”

“దాని సేతికి కంకణం ఉంది సయామా!” అంది అత్త.

“ఓలమ్మో! మీ ఆయన బుగ్గలో ఇంత శూలం గుచ్చుకుని నిప్పులు తొక్కుతాడు, ఆ కంకణానికి తప్పు లేదు గాని, నీ కోడలికి ఈ సూది ముక్క తప్పొచ్చిందా?”

“అది అమ్మకోసం!”

“ఇది బిడ్డకోసం. అమ్మకి కోపమెందుకే?”

లోపల మామ పకపకా నవ్వాడు. నేను మెల్లగా అడిగాను, “నువ్వయితే ఏటి సేస్తావు సయామా?”

“నాను పొద్దున్నే ఏయించీసుకున్నాను. అయితే నా కడుపులో ఎవులూ లేరు కదా. కడుపు నీది. నువ్వు సెప్పు.”

పెళ్ళయి మూడేళ్ళయినా ఆ ఇంట్లో ఎవరూ నన్ను ‘నువ్వు చెప్పు’ అనలేదు. భయమేసింది, అబద్ధమెందుకు. అయినా లేచి చెప్పులు వేసుకున్నాను.

భుజం వాచింది, జ్వరమూ వచ్చింది. “సెప్పేనా, సెప్పేనా!” అంటూ అత్త ఇల్లు పీకి పందిరేసింది. సయామ ముందే చెప్పింది కదా అని నేను ముసుగుతన్ని పడుకున్నాను. మర్నాటికి లేచాను. జాతరైన రెండు వారాలకు ఆ ఫ్లూ మా ఇంట్లోకే వచ్చింది. మామ, అత్త, మా ఆయన ముగ్గురూ మంచమెక్కారు. అంత పొట్టతో నేనొక్కదాన్నే నిలబడి అందరికీ గంజి కాచి పోశాను! నెలలు నిండాక కూతురు పుట్టింది. దాని ఏడుపు వీధి చివరిదాకా వినబడింది. అంతా సూది మహిమే అని నేనంటే సయామ ఒప్పుకోలేదు. “అదృష్టం ఉండొచ్చు, అమ్మవారూ ఉండొచ్చు. సూది కూడా ఉందను, సాలు” అంది. పిల్లకు తొలి టీకా రోజున మాత్రం అత్తే మనవరాలిని ఎత్తుకుని అందరికంటే ముందు నిలబడింది. వెనక జంకుతున్నవాళ్ళకేసి తిరిగి, “రండర్రా, బేగి రండి! మా ఇంట్లో నాను సూసేను కదా!” అని కేకేసింది. అప్పుడు సయామ నవ్విన నవ్వు చూడాలి. నాకైతే అక్కడికక్కడే గంతులేయాలనిపించింది.

ఆవిడ పోయి చాన్నాళ్ళయింది. ఇప్పుడు మా పేటలో టీకా కబురు ఇంటింటికీ మోసేది నేనే. చెడ్డ ముందు చెబుతాను, తెలియనిది తెలియదంటాను, ఆనక నోరు మూసుకుని వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను. ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టం. వద్దన్నవాళ్ళ ఇంట్లో కూడా టీ తాగే వస్తాను. మళ్ళీ వెళ్ళినప్పుడు తలుపు తీస్తారు.