మా వదిన ఏడింటికి లేస్తుందట

మా వదినకి ఇంగ్లీషు నేర్పడం కంటే గోడకి సున్నం వేసుకోవడం నయం. సున్నం వేస్తే గోడన్నా తెల్లబడుతుంది. వదినకి పాఠం చెబితే నా జుట్టు తెల్లబడింది. పదకొండేళ్లుగా కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. నోరు విప్పడానికే భయపడేవాళ్లని మైకు ముందు నిలబెట్టాను. అలాంటిదాన్ని, ఇంట్లో మనిషి దగ్గరకి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

వదినంటే మా అన్నయ్య భార్య. నేను వాళ్లింట్లోనే, ముందు గదిలో ఉంటాను. ఆవిడ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పద్నాలుగేళ్ల నుంచి పనిచేస్తోంది. పొద్దున ఆరింటి నుంచి మూడింటి దాకా నిలబడి చేసే పని. ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటిని ఆవిరి రోలర్లోకి ఎక్కిస్తారు. అది పొగలు కక్కుతూ ఇటువైపు వస్తుంది. వదిన దాని మూలలు పట్టుకుని చల్లారేలోపు నాలుగు మడతలు వేస్తుంది. చల్లారాక మడత పెడితే గీత నిలవదట. ఆవిడ వేళ్ల చివర చర్మం గట్టిపడి, వేడి తెలియడం ఎప్పుడో మానేసింది. వదిన మడతపెట్టిన దుప్పటి అంచుల్లో వెంట్రుకవాసి తేడా ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే అక్కడ అందరూ ఆవిడని మడతలక్క అని పిలుస్తారు.

కిందటేడు నుంచి ఆవిడ మడమలు వాస్తున్నాయి. నిద్ర లేచాక మొదటి పది అడుగులూ గోడ పట్టుకుని వేస్తుంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "నిలబడే పని మానెయ్యండమ్మా. లేకపోతే ఏడాది తిరిగేసరికి నడకే కష్టమవుతుంది" అన్నాడు. మానేసి ఏం చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదు.

లాండ్రీలో కూర్చుని చేసే ఉద్యోగం ఒక్కటే ఉంది. లినెన్ రూమ్ సూపర్‌వైజర్. గదులకి వెళ్లే దుప్పట్లూ తువాళ్లూ సరిచూసి పంపడం, పై అంతస్తుల నుంచి వచ్చే ఫోన్లకి జవాబు చెప్పడం. పాత సూపర్‌వైజర్ రిటైరయ్యింది. ఆ పని గురించి నిద్రలో లేపి అడిగినా వదిన చెప్పగలదు. అడ్డం వచ్చిందల్లా ఇంగ్లీషే. కొత్తగా వచ్చిన మేనేజరు పది నిమిషాల పరీక్ష పెట్టాడు. రోజువారీ పనులు, తీరిక సమయం, మనసులోని భావాలు, ఈ మూడింటి మీద నోటితో అడుగుతాడట. గట్టెక్కితే కుర్చీ. లేకపోతే మళ్లీ రోలరే, మడమలు ఎన్నాళ్లు మోస్తే అన్నాళ్లు.

ఆ మూడు పాఠాలూ నా పుస్తకంలో ఉన్నాయి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటాయి. సాయంత్రం ఏడింటికి వంటింట్లో బల్ల దగ్గర వదినని కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

"ఐ గెటప్ ఎట్ సెవెన్ ఓక్లాక్. అను."

"ఏడింటికా?"

"అవును. అను."

"నేను నాలుగింటికి లేస్తాను కదమ్మా."

"నువ్వు ఎప్పుడు లేస్తావని ఇప్పుడెవరు అడిగారు వదినా? పుస్తకంలో ఉన్నది చెప్పు."

"మరి పరీక్షలో అడిగేది నన్నే కదా?"

చూశారా, ఇదీ వరస. ఏడింటికి లేవడం, ఎనిమిదింటికి బ్రేక్‌ఫాస్ట్, తొమ్మిదింటికి పనికి వెళ్లడం, సాయంత్రం స్నేహితులతో టెన్నిస్. పదకొండేళ్లలో ఎంతమంది ఆ పాఠం అప్పజెప్పలేదు, ఎవరైనా ఒక్క అడ్డు ప్రశ్న వేశారా? పైగా ఈవిడకి కుదురు లేదు. వాక్యం సగంలో ఉండగా కుక్కర్ కూస్తే లేచిపోతుంది. కూరలో గరిటె తిప్పి వచ్చి కూర్చుంటుంది. ఈలోగా నా టీ కప్పు ఖాళీ అయిందని మళ్లీ లేస్తుంది. ఒక్క అరగంట స్థిమితంగా కూర్చోలేవా అని కసిరాను కూడా.

తీరిక సమయం పాఠం అంతకంటే బాగా నడిచింది.

"వాట్ డు యూ డు ఇన్ యువర్ ఫ్రీ టైమ్?"

"ఫ్రీ టైమంటే?"

"తీరిక. చేతిలో పనేమీ లేనప్పుడు ఏం చేస్తావని."

వదిన నిజాయితీగా చాలాసేపు ఆలోచించింది. "నిద్రపోతాను" అంది.

"నిద్ర హాబీ కాదు. పాటలు వింటాను, నవలలు చదువుతాను, పార్కులో నడుస్తాను, అలా చెప్పాలి."

"అవన్నీ నువ్వు చేసేవి కదా."

"అందుకే నాకు చెప్పడం వచ్చు. అను."

అంది. పాటలు వింటానని, నవలలు చదువుతానని, ఎవరి మీదో చాడీ చెబుతున్నంత చిన్న గొంతుతో అంది.

ఇక భావాల పాఠం. ఇరవై నాలుగు మాటలు రాసిచ్చాను. బోర్డ్ అనే మాట దగ్గర ఆగిపోయింది. చేయడానికి ఏమీ లేక విసుగు పుట్టడం అని అర్థం చెప్పాను. "అలాంటిది కూడా ఒకటుంటుందా?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. యాంగ్రీ అనే మాట మాత్రం మొదటిసారికే పట్టుబడింది. "ఇది నోరు తిరుగుతోంది" అని మూడుసార్లు అని చూసుకుంది.

"ఆ మాట పరీక్షలో పొరపాటున కూడా అనకు. కోపం ఉన్నవాళ్లకి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఎలా ఉన్నావని అడిగితే, ఐయామ్ హ్యాపీ అండ్ ఎక్సైటెడ్ అను. ఇంకోటి గుర్తుపెట్టుకో. ఏం జరిగినా తెలుగు మాట్లాడకూడదు. ఒక్క తెలుగు మాట దొర్లిందా, గుండు సున్నా."

వదిన తల ఊపింది. నెల తిరిగేసరికి పాఠాలు మూడూ బట్టీ పట్టేసింది. నిద్ర లేవడం దగ్గర నుంచి టెన్నిస్ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంటే నా కష్టం ఫలించిందని మురిసిపోయాను.

సోమవారం పరీక్ష జరిగింది. మూడున్నరకి వదిన ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, ఒక కాగితం నా ముందు పెట్టింది.

"అడిగినవన్నీ చెప్పానమ్మా. ఒక్క మాట తప్పలేదు. ఇదిచ్చారు."

అది మెమో. జరిగినదంతా ఆవిడ నోట విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ మేనేజరు వచ్చి రెండు నెలలే అయ్యింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. తొమ్మిదింటికి పనికి వస్తానని వదిన చెప్పగానే హాజరు పుస్తకం తెప్పించాడట. అందులో ఆవిడ సంతకం రోజూ ఆరింటికే ఉంది. మనిషి తొమ్మిదింటికి వస్తుంటే ఆరింటికి సంతకం పెడుతున్నదెవరని అడిగాడట. వదినకి ప్రశ్న అర్థమైంది. జవాబు తెలుగులో నాలిక చివరే ఉంది. కానీ తెలుగు దొర్లితే గుండు సున్నా కదా. అందుకని "యెస్ సర్" అంది. అయితే మీ బదులు ఇంకెవరో పెడుతున్నారా అని అడిగాడట. "యెస్ సర్. ఐయామ్ హ్యాపీ అండ్ ఎక్సైటెడ్" అంది.

"నీకేమైనా మతిపోయిందా వదినా? మెడ మీద కత్తి పెట్టినప్పుడైనా తెలుగులో చెప్పొచ్చు కదా."

"ఏం జరిగినా మాట్లాడొద్దన్నావు."

నాకు ఒళ్లు మండింది. మెమోలో ఏముందంటే, నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా రోజంతా ఏ వేళకి ఏం చేస్తారో ఇంగ్లీషులో రాసి మూడు రోజుల్లో ఇవ్వాలట. దొంగ సంతకాలని తేలితే ఉద్యోగం నుంచి తీసేస్తారట. కుర్చీ కోసం వెళితే నిలబడే చోటు కూడా పోయేలా ఉంది.

మర్నాడు సాయంత్రం కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. "నువ్వు తెలుగులో చెప్పు, నేను ఇంగ్లీషులో రాస్తాను" అన్నాను.

"వద్దు. నేనే ఇంగ్లీషులో చెబుతాను. నువ్వు తప్పులు దిద్దు చాలు" అంది వదిన.

నా పాఠంలోని మాటలే. వేళలు మాత్రం ఆవిడవి. నాలుగింటికి లేస్తాను. నాలుగుంబావుకి నీళ్లు పడతాను. నాలుగున్నరకి వంట. ఐదింటికి నా భర్తకి, ఆడపడుచుకి క్యారేజీలు సర్దుతాను. ఐదుంబావుకి ఆడపడుచు లేచాక తాగడానికి ఫ్లాస్కులో టీ పోస్తాను. ఐదున్నరకి బస్సెక్కుతాను. ఆరింటికి సంతకం పెడతాను.

నేను కలం ఆపాను. "ఫ్లాస్కు గొడవ ఆఫీసువాళ్లకి ఎందుకు?"

"అన్నీ రాయమన్నారు కదా."

రాశాను. మూడింటి దాకా రోలర్ దగ్గర నిలబడతాను. మూడున్నరకి ఇంటికి వచ్చి గిన్నెలు తోముతాను. నాలుగున్నరకి ఆడపడుచు బట్టలు ఇస్త్రీ చేస్తాను. అక్కడ మళ్లీ ఆగాను. నా బట్టలు ఎప్పుడూ నా అల్మరాలో మడత నలగకుండా ఉంటాయి. అక్కడికి ఎలా వస్తున్నాయని నేనెప్పుడూ ఆలోచించలేదు. రోజంతా వేడి దుప్పట్ల ముందు నిలబడి వచ్చిన మనిషి, ఇంటికొచ్చి మళ్లీ నా కోసం నిలబడుతోంది.

ఆవిడ ఆగలేదు. ఆరింటికి ఆడపడుచు పార్కు నుంచి వచ్చేసరికి టీ పెడతాను. ఏడింటికి ఇంగ్లీషు పాఠం, మధ్యలో వంట, ఆడపడుచుకి ఇంకో టీ. లెక్కపెట్టుకుంటే ఆ పేజీలో నేను ఐదుసార్లు ఉన్నాను. కట్టుకున్న మొగుడు ఒక్కసారే ఉన్నాడు.

"వదినా, కొన్ని తీసేద్దాం. చదివేవాళ్లు ఏమనుకుంటారు?"

"ఏడింటికి లేస్తానని నాతో చెప్పించావు. టెన్నిస్ ఆడతానని చెప్పించావు. అదంతా ఎవరి సంగతో నాకు తెలీదు. ఇది నా సంగతి. ఉన్నది ఉన్నట్టు రాయమ్మా."

నాకు ఉక్రోషం వచ్చింది. నేనూ ఉద్యోగం చేస్తున్నాను, ఊరికే కూర్చుని తినడం లేదు అనబోయాను. ఎదురుగా పేజీ ఉండగా ఆ మాట నోటికి రాలేదు. నోరు మూసుకుని రాశాను.

శుక్రవారం నాడు మేనేజరు పిలిచాడు. నేను సెలవు పెట్టి వదినతో వెళ్లి, ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రాసే పుస్తకం పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కొక్క తేదీ సరిచూశాడు. అన్నిచోట్లా ఆరు లోపే.

"యూ గెటప్ ఎట్ ఫోర్. దెన్ వై డిడ్ యూ సే సెవెన్?"

"బుక్ సెవెన్, సర్. ఐ ఫోర్."

గ్రామరు మంట కలిసింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన మెమో మీద అడ్డంగా గీత కొడుతున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టినట్టు అడిగాడు.

"హౌ డు యూ ఫీల్ నౌ?"

హ్యాపీ అండ్ ఎక్సైటెడ్, హ్యాపీ అండ్ ఎక్సైటెడ్ అని బెంచీ మీద నుంచే నేను పెదవులు కదుపుతున్నాను.

"ఐయామ్ యాంగ్రీ, సర్" అంది వదిన.

కొంప మునిగింది అనుకున్నాను.

"ఫోర్టీన్ ఇయర్స్ ఐ కమ్ సిక్స్ ఓక్లాక్. వన్ డే నాట్ లేట్. యూ ఆస్క్ హూ సైన్స్. ఐయామ్ యాంగ్రీ. ఐయామ్ టైర్డ్. మై లెగ్స్ పెయిన్."

మేనేజరు సారీ అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. సొరుగు తెరిచి వేరే కాగితం తీశాడు. దాని మీద సంతకం పెడుతూ పెడుతూ మళ్లీ తలెత్తాడు.

"వన్ మోర్ క్వశ్చన్. దిస్ సిస్టర్-ఇన్-లా. ఫైవ్ టైమ్స్ యూ రోట్. ఈజ్ షి సిక్?"

"నో సర్." వదిన గొంతు పెరిగింది. "షి ఈజ్ వెల్. షి హాజ్ ఫ్రీ టైమ్."

కారిడార్లో తువాళ్ల బండి తోసుకుంటూ వెళ్తున్న ఆవిడ నా వైపు చూసింది. ఆవిడకి నేనెవరో తెలిసే అవకాశమే లేదు. అయినా సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

వదిన గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. చేతిలో కాగితం ఉంది.

"ఇచ్చారు. సోమవారం నుంచి లినెన్ రూమ్‌లో కూర్చోమన్నారు."

"మంచిది వదినా."

"నీ గురించి కూడా అడిగారు."

"విన్నాను" అన్నాను.

"వినాలనే గట్టిగా చెప్పాను" అంది వదిన.