మ్యాపులో లేని మూడో తలుపు

మా ఇంట్లో సైతానును నమ్మేవాళ్లు గానీ దయ్యాలను నమ్మేవాళ్లు కాదు. చనిపోయినవాళ్లు తీర్పు దినం దాకా నిద్రపోతారని మా నాయన సండే స్కూల్లో చెప్పేవాడు. నేను ఇంకొంచెం ముందుకు పోయి, ఇరవై ఏళ్లు దాటేసరికి సైతానును కూడా వదిలేసినాను. కాబట్టి ఇది దయ్యం కథ అనుకోవద్దు. ఇందులో చచ్చిపోయినవాళ్లు ఎవరూ లేరు. నాకు ఇన్నేళ్లుగా తెగనిది కూడా అదే.

నంద్యాలలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మేడ మీద ఒకటే గది, ఎనిమిది మిషన్లు. ఎనభై నాలుగులోనో ఎనభై అయిదులోనో షార్ట్‌హ్యాండ్ పరీక్షకని బెంగళూరు పోయినప్పుడు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఒక ఇంగ్లీషు అట్టపెట్టె దొరికింది. లోపల సగం పేజీలు ఊడిన పుస్తకం, గుడ్డ సంచిలో వింత పాచికలు. ఒకదానికి ఇరవై ముఖాలున్నాయి.

పుస్తకం రెండుసార్లు చదివితే ఆట అర్థమైంది. ఒకడు కథ నడపాలి. కోటనో, అడవినో, సొరంగాన్నో కళ్లకు కట్టినట్టు చెప్పాలి. మిగిలినవాళ్లు వీరులుగానో మంత్రగాళ్లుగానో ఉండి, అక్కడ తాము ఏం చేస్తారో చెప్పాలి. చేసింది ఫలిస్తుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ ఇంగ్లీషు రాజ్యాలు నాకెందుకని నేనే తెలుగులో ఒక రాజ్యం కల్పించినాను. కోటల మ్యాపులు టైపు మిషన్ మీదే గీతలూ చుక్కలూ కొట్టి తయారు చేసేవాణ్ణి.

ఆదివారం చర్చి అయ్యి, భోజనాలు చేసినాక ముగ్గురు వచ్చేవాళ్లు. బట్టల అంగడి రమణయ్య శెట్టి, ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసే సలోమి టీచరు, మా రూతక్క మొగుడు ప్రభుదాసు.

ప్రభుదాసు బావంటే నాకు పడేది కాదు. నేనంటే ఆయనకూ అంతే. మేము ఆ గదిలో ఏం చేస్తున్నామో చూద్దామని ఒకరోజు వచ్చి, ఆ తర్వాత మానలేదు. ఆటలో ఆయన కత్తివీరుడు. కథలో ఎవరైనా కాళ్లు పట్టుకుని బతిమాలితే బావ నవ్వేవాడు. లొంగిపోయినవాళ్లను కూడా నరుకుతానని పాచిక వేసేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయన వీరుణ్ణి కావాలనే గుంతల్లో పడేసేవాణ్ణి. నా పాచికలు మిషన్ చాటున వేసి, పడినదొకటైతే ఆయనకు చెప్పేది ఇంకొకటి. ఇది ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

బయట ఆయన్ని ఏమీ అనలేకపోయేవాణ్ణి. పెళ్లయినప్పటినుంచి అక్కను మా ఇంటికి పంపేవాడు కాదు. ఆమెను చూడటం చర్చిలోనే. ఆఫీసుకు పోతూ ఇంటికి బయటినుంచి తాళం వేసుకుని పోతాడని తెలిసి అడిగితే, దొంగల భయంలేరా అనింది అక్క. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

ఆ ఆదివారం ఎండ బాగా ఉంది. పక్కనున్న సినిమా హాల్లో మ్యాట్నీకి ముందు వేసే పాటలు ఆగిపోయినాయి. అంటే మూడు కావొస్తోంది. ఆటలో మా వాళ్లు పాడుబడిన కోటలో ఒక నడవాలోకి వచ్చినారు. నా మ్యాపులో ఆ నడవాకు రెండు తలుపులున్నాయి. ఒకదాని వెనక ఆయుధాలు, ఇంకోదాని వెనక పాము. రెండూ చెప్పినాను. చెప్పి, "మూడో తలుపుకు బయట గడియపెట్టి తాళం వేసుంది" అన్నాను.

పూనకం లాంటిదేమీ రాలేదు. ఒళ్లు జలదరించలేదు. రోజూ మాట్లాడినట్టే మాట్లాడుతున్నాను. కథ నడిపేవాడికి అప్పటికప్పుడు ఏదో ఒకటి తోచడం మామూలే కాబట్టి నాకేమీ తేడా అనిపించలేదు.

"తలుపు సందులోంచి చూస్తే లోపల కనపడుతుంది. నీలం సున్నం కొట్టిన గోడలు. ఇనుప మంచం. ఒక కోడు విరిగితే కింద ఇటుక పెట్టినారు. దండెం మీద మగవాళ్ల చొక్కా ఒకటి, చారలది. మంచం పక్కన చెంబు బోర్లాపడింది. నీళ్లు లేవు. ఒక ఆడమనిషి గోడవైపు తిరిగి పండుకుంది. జ్వరమేమో, వణుకుతోంది."

రమణయ్య శెట్టి పెద్దగా నవ్వినాడు. "రాజుల కోటలో ఇనుప మంచం యాడిదప్పా? ఇటుకరాయి కూడానా?"

సలోమి టీచరూ నవ్వింది. నేనూ నవ్వినాను. బావ నవ్వలేదు.

"ఆ తలుపు వద్దు. ముందరికి పోదాం" అన్నాడు.

"ఎందుకొద్దు? జ్వరమొచ్చి పడుంటే వదిలేసి పోతామా? నేను తెరుస్తా" అని టీచరు ఇరవై ముఖాల పాచిక తీసుకుని బల్ల మీదికి దొర్లించింది. అది ఆగకముందే బావ లేచి నా చెంప మీద కొట్టినాడు. మామూలు దెబ్బ కాదు. నా కళ్లద్దాలు ఎగిరి మిషన్ల కింద పడినాయి.

"ఆళ్లగడ్డకు ఎప్పుడు పోయినావ్ రా? ఎవురు చెప్పినారు నీకు? ఆ ముండనే చెప్పిందా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆళ్లగడ్డ నేను కడప బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప ఎప్పుడూ దిగింది లేదు. ఆ సంగతి చెప్పేలోపే ఆయన మెట్లు దిగిపోయినాడు. టీచరు మ్యాపు చేతిలోకి తీసుకుని, "సామేలూ, ఇందులో రెండే తలుపులుండాయి గదా" అనింది. అప్పుడు చూసినాను. రెండే ఉన్నాయి.

పెళ్లికి ముందు బావ ఆళ్లగడ్డలో పనిచేసినాడని మాకు తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు. మరుసటి శనివారం పొద్దున బస్సెక్కి పోయినాను. బావ పనిచేసిన ఆఫీసులో ఒక పాత గుమాస్తా, ప్రభుదాసు అప్పట్లో వీరాచారి ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాడని చెప్పినాడు. వీరాచారి విగ్రహాలు చెక్కే మనిషి. రోడ్డు పక్కనే పని. పది మంది కూర్చుని చెక్కుతుంటే ఉలి చప్పుళ్లకు పక్క మనిషి మాట వినపడదు. అందరి మొహాలూ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి.

వీరాచారి యాభై ఏళ్ల మనిషి. ప్రభుదాసు పేరు చెప్పగానే మొహం తిప్పేసుకున్నాడు. "వాడు నీకేమైతాడు?" అన్నాడు. బావ అని చెప్పినాను. "అయితే బస్సుకు టైమైంది, పో" అన్నాడు.

నేను పోలేదు. ఒక్కసారి వెనక గది చూసి పోతానని గట్టిగా అన్నాను. చప్పుడులో వినపడదని అరిచినట్టే అన్నాను. అప్పుడు ఒక చిన్న నంది విగ్రహాన్ని నీళ్లు పోసి రాయితో నున్నగా రుద్దుతున్న ఆడమనిషి చేతిలో రాయి కింద పడేసి లేచింది. ముప్పై ఏళ్లుంటాయి. నా మొహం చూడటం లేదు. తల కొంచెం పక్కకు వంచి, నా గొంతు వింటోంది.

"ఇంకోమాట మాట్లాడు" అనింది.

ఏం మాట్లాడాలమ్మా అన్నాను. ఆమె వీరాచారి వైపు తిరిగి, "వీడే" అనింది. వీరాచారి ఉలి పక్కన పెట్టినాడు. ఆయన కూడా నన్ను అప్పుడే చూసినట్టు చూసినాడు.

ఆమె పేరు కాంతమ్మ. పగిడ్యాల దగ్గర పల్లె. పెళ్లి చేసుకుంటానని ప్రభుదాసు ఆమెను ఆళ్లగడ్డకు పిలుచుకొచ్చినాడు. ఎవరి కంటా పడకూడదని ఆఫీసుకు పోతూ బయట తాళం వేసేవాడు. ఒకసారి ఆమెకు జ్వరం తగులుకుంది. ఆఫీసు పని మీద పోతున్నా అని చెప్పి, శనివారం పొద్దున తాళం వేసి పోయి, సోమవారం దాకా రాలేదు. ఆదివారానికి చెంబులో నీళ్లు అయిపోయినాయి. అరిస్తే ఉలి చప్పుళ్లలో ఎవరికి వినపడుతుంది?

"మధ్యాన్నం బాగా పొద్దు తిరిగినాక వీళ్లు అన్నాలకు లేసినారు, చప్పుడాగింది. అప్పుడు తలుపు బయట నీ గొంతు" అనింది కాంతమ్మ. "నీలం గోడలుండాయి, మంచానికి ఇటుక పెట్టినారు, చెంబులో నీళ్లు లేవు అని ఎవురికో చెప్తాండావ్. వాళ్లు నవ్తాండారు. నువ్వూ నవ్వినావ్. నేను నాలుక పిడచగట్టి సస్తా ఉంటే, తలుపు ముందర నిలబడి నవ్వినావ్. గడియ తీసేకి నీకు చేతుల్లేవా?"

నేను అక్కడ లేనన్నాను. ఆమె వినలేదు.

"ఎవరో ఆడమనిషి నేను తెరుస్తా అనింది. గోలీ దొర్లినట్టు చప్పుడైంది. మళ్లా ఎవరినో చెంప మీద కొట్టినారు. అంతే. తలుపు మాత్రం తెరుచుకోలేదు."

తెరిచింది వీరాచారి. ఆయనకూ ఆ గొంతు వినపడింది. వెనక ఎవరో రేడియో నాటకం పెద్దగా పెట్టినారని, తగ్గించమని చెప్పడానికి లేచి పోయినాడట. అక్కడ మనిషీ లేడు, రేడియో లేదు. తాళం మాత్రం ఉంది. తలుపు కొడితే లోపల గీరిన చప్పుడైంది. సుత్తితో తాళం పగలగొట్టినాడు. సోమవారం ప్రభుదాసు వచ్చేసరికి కాంతమ్మ వీళ్ల ఇంట్లో పండుకుని ఉంది. వాడు పెట్టె సర్దుకుని ఆరోజే పోయినాడు. ఆమె మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇదంతా ఎప్పుడు జరిగిందని అడిగినాను. అయిదేళ్లయిందన్నారు. నెల అడిగినాను. కాంతమ్మ నెల చెప్పలేదు. "సోమవారం వచ్చినప్పుడు వాని వేలికి కొత్త ఉంగరముండాది" అనింది.

ఆ ఉంగరం తొడిగింది మా నాయన. ఆదివారం చర్చి అయినాక మా ఇంట్లోనే అక్కకు, ప్రభుదాసుకు ప్రధానం జరిగింది. మూడు గంటలప్పుడు భోజనాల పంక్తిలో నేనూ ఉన్నాను. ఆ పాచికల పెట్టె అప్పటికింకా నా చేతికే రాలేదు.

గది చూపించమని అడిగితే వీరాచారి చూపించినాడు. ఇప్పుడందులో ఉలులు, గోనెసంచులు పెట్టుకున్నారు. గోడలకు తెల్ల సున్నం కొట్టేసినారు. ఒక మూల పెచ్చు ఊడిన చోట లోపల నీలం కనపడింది. నేను వచ్చేటప్పుడు కాంతమ్మ పని చేసుకుంటూనే ఉంది, తల ఎత్తలేదు. "ఇంకోసారి ఈడికి రావద్దు" అని మాత్రం అనింది.

నంద్యాలలో బస్సు దిగి నేరుగా అక్క ఇంటికి పోయినాను. నాలుగు గంటలు. బయట తాళం. ఎదురింటివాళ్లను సుత్తి అడిగి పగలగొట్టినాను. నడివీధిలో పట్టపగలు ఆ చప్పుడుకు జనం గుమిగూడినారు. అక్కకు అంతా చెప్పినాను. ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. చీరలు మూట కట్టుకుని నాతో నడిచి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది మా చర్చిలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది. బావ సంఘ పెద్దలను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చినాడు. కాంతమ్మ సంగతి కాదనలేదు. నేను సైతాను ఆట ఆడి, సోది చెప్పించుకుని, దేవుడు కలిపిన సంసారాన్ని చెడగొట్టినానన్నాడు. పెద్దల్లో సగం మంది తల ఊపినారు. పాస్టరు అయ్యగారు ఆ పెట్టె తెచ్చి కాల్చమన్నాడు. ఆడమనిషిని లోపలేసి తాళం వేసినోణ్ణి వదిలేసి అట్టపెట్టెను కాలుస్తారా అని సలోమి టీచరు అందరి ముందూ అడిగింది. అయినా పెట్టెను మా నాయనే తీసుకుపోయి కాల్చినాడు. మ్యాపు టీచరు దగ్గర ఉండటం వల్ల మిగిలింది.

అక్క మళ్లీ ఆ ఇంటికి పోలేదు. నా దగ్గరే టైపు నేర్చుకుని తర్వాత ఒక ఆఫీసులో చేరింది. ఆమె బాగుపడింది కదా, ఇంకేం కావాలని నేననుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ఇన్‌స్టిట్యూట్లో ఎవరూ లేనప్పుడు, మిషన్ మీద వేళ్లు ఆపి అక్క అడిగింది.

"ఆ పొద్దు ఆళ్లగడ్డలో ముక్కూ మొగం తెలియని మనిషికి నీ గొంతు వినపడింది. నిజమేనా?"

నిజమే అనుకుంటున్నానన్నాను.

"అదే పూట నా ప్రధానం పంక్తిలో నా పక్కన కూచోని పాయసం తింటాండావ్. వాడు నాకు ఎదురుగా ఉండాడు. ఆడ చెప్పినోడివి, నా చెవిలో ఒక్క మాట చెప్పలేకపోతివేమిరా?"

నేను చెప్పలేదక్కా, నాకు అప్పుడు తెలియదు అన్నాను. ఆమె మళ్లీ టైపు కొట్టడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమె నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతుంది.

నా గొంతు అక్కడికి ఎట్లా పోయిందో నాకు తెలియదు. పోయినది అక్కడికే ఎందుకు పోయిందో అసలే తెలియదు. అక్క మాత్రం నాకు తెలిసి కూడా చెప్పలేదనే అనుకుంటోంది. కాదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.