తట్టు పోసిన ఇల్లు

ఇల్లందు అవతల గూడేలకు ఇరవై ఏళ్లుగా టీకాలు వేస్తున్న నర్సు వెంకమ్మను దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఎడమ భుజానికి టీకాల డబ్బా, చంకలో రిజిస్టరు, ప్రతి గుమ్మానా వేపమండ కోసం వెతికే కళ్లు. వేపమండ ఉందంటే ఆ ఇంట్లో తట్టు పోసినట్టే. ఈసారి తొమ్మిది మందికి పోసినా ఆమెకు ఒక్క మండా కనబడలేదు. ఆమె వస్తోందంటే తల్లులు తీసి దాచేస్తున్నారు. ఆర్నెల్ల కింద చేరిన ఆశా కార్యకర్త సుమేరాను మాత్రం పిలిచి మరీ చూపిస్తున్నారు. "ఏం మందు పెట్టిందో" అని వెంకమ్మ దారంతా గొణిగింది.

గూడెంలో తిరుమల అనే తల్లి ఇంట్లో పెద్దపిల్లకు నిన్ననే తట్టు పోసింది. టీకా పడని చిన్నోడు ఆ పక్కనే పడుకుంటున్నాడు. వెంకమ్మ గుమ్మం ఎక్కబోతే తిరుమల అడ్డం నిలబడింది.

"అమ్మవారున్న ఇల్లు సిస్టర్. మీరు చెప్పులతోని వస్తరు, తిట్టుకుంట వస్తరు."

వెంట వచ్చిన సుమేరా చెప్పులు వాకిట్లోనే విడిచి కాళ్లు కడుక్కుంది. సాయబుల పిల్లకు ఇవన్నీ ఎవరు నేర్పారోనని వెంకమ్మకు కడుపు మండింది. కానీ ఆశా కార్యకర్త సూది వెయ్యకూడదు, లోపలికెళ్లి తనే వెయ్యాలి.

"మీరు గూడ కడుక్కోండి మేడం," అంటూ సుమేరా చెంబు అందించింది.

"సుమేరా చెప్పిందని రానిస్తున్న," అంది తిరుమల.

ఒకప్పుడు ఆ తిరుమలకూ టీకా వేసిన వెంకమ్మ చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంది. సూది పడగానే చిన్నోడు ఏడ్చి సుమేరా మెడ పట్టుకున్నాడు. వెంకమ్మ కాసేపు అటే చూసి, డబ్బా భుజానికెత్తుకుని, పక్కింటికి సుమేరానే ముందు నడవమంది.