జెరాక్స్ ఆంటీ వేలంపాట

విశాఖపట్నం వన్‌టౌన్‌లో మెహరున్నీసాది జెరాక్స్ షాపు. బడిలో సోషల్ ప్రాజెక్టు ఇచ్చారంటే చాలు, పిల్లలు షాపు మీద పడేవారు. “ఆంటీ, మత్స్యకారుల జీవనం, రెండు పేజీలు, కలర్!” నెట్‌లో మొదట కనబడ్డది తీసి ఇచ్చేసేది. పదో తరగతి అవగానే పెళ్లయిపోయిన మనిషి. కాగితం మిషన్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాకముందే, కళ్లద్దాలు సర్దుకుని, మెడ వంచుకుని చదివేసేది. చదివిన ప్రతిసారీ ఏదో అడగాలనిపించేది. ఎవర్ని అడుగుతుంది?

ఒక శనివారం ఏడో తరగతి పిల్లలు ఆస్రా, సత్యశ్రీ మొహాలు వేలాడేసుకుని వచ్చారు. టీచరు ప్రాజెక్టులు తిప్పి ఇచ్చేసిందట. క్లాసులో పదకొండు మందివీ అవే పేజీలు. పైగా అందులో ఉన్నది కేరళ పడవ.

“పదకొండూ నానే తీసిచ్చాను కదే!” అని మెహరున్నీసా చెంపలేసుకుంది.

“సోమవారం ఇవ్వాలి ఆంటీ. ఇంకో వెబ్‌సైట్ లేదా?”

“హార్బర్ పక్కనెట్టుకుని వెబ్‌సైట్ ఏటే? రేపు తెల్లారే పోదాం. మీ అమ్మలకి నాను సెప్తాను.”

మర్నాడు ఫిషింగ్ హార్బర్‌లో ఆటో దిగేసరికి బోట్లు అప్పుడే ఒడ్డుకి వస్తున్నాయి. జాలరిపేట పోతమ్మ, ముప్పై ఏళ్లుగా చేపలమ్మే మనిషి, ఖాళీ గంప బోర్లించి దానిమీద కూర్చుంది. సత్యశ్రీ ఆమె ఎదురుగా నిలబడి నోట్‌బుక్కు తెరిచింది.

“మీ జీవనోపాధిలో ఎదురవుతున్న ప్రధాన సవాళ్లు ఏవి?”

“ఒలమ్మో! ఏటే గుంటా, తెలుగులో అడుగు!”

“పనిలో కష్టమేటని అడుగుతంది,” అంది మెహరున్నీసా.

“అలాగడగాల! మోకాళ్లమ్మా. ఇంకేటి?”

నలుగురూ ఒకటే నవ్వు. ఆ తర్వాత పోతమ్మ నోటికి అడ్డులేకపోయింది. మొప్ప ఎత్తి తాజా చేపని ఎలా పోల్చుకోవాలో, ఏ నెలలో ఏ చేప పడుతుందో చెప్పుకుపోతుంటే ఆస్రా చెయ్యి పడిపోయేలా రాసింది. వల కుట్టేవాడొచ్చి తన పేరూ రాయమన్నాడు. ఐసు బండివాడు ఇంటిపేరుతో సహా రాయించుకున్నాడు. మెహరున్నీసా అయితే పిల్లల ప్రశ్నలు మర్చిపోయి, ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ వరసపెట్టి అడిగేసింది.

ఇంతలో వేలం మొదలైంది. పిల్లలిద్దరూ గుంపులో దూరిపోయారు. మెహరున్నీసా గాబరాగా చెయ్యి పైకెత్తి, “ఇటు రండర్రా!” అని కేకేసింది.

“అయిపోయింది! కానాగంతలు కళ్లద్దాలావిడకి!” అన్నాడు పాట పాడిస్తున్న జగ్గయ్య. గంపెడు చేపలు ఆవిడ కాళ్ల ముందు దభీమని పడ్డాయి.

“నాను పిల్లల్ని పిలిసాను బాబూ, పాట పాడలేదు!” అని మెహరున్నీసా మొత్తుకుంది. పోతమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ, “ఏటా సూపు? కొన్నావు కదా, పద అమ్ముదాం. నాను నేర్పుతాను. గుంటలు రాసుకుంతారు,” అంది.

గంటలో నలుగురూ వన్‌టౌన్ సందుల్లో ఉన్నారు. మొదటి సందులో మెహరున్నీసా పోతమ్మ వెనకాల నక్కి నడిచింది. మూడో సందుకొచ్చేసరికి, “సేపలోయ్, కానాగంతలోయ్!” అని మేడలు అదిరేలా అరుస్తోంది. మసీదు వీధిలో టీ తాగుతున్న భర్త అబ్దుల్ రజాక్ చొక్కా మీద టీ ఒలకబోసుకున్నాడు.

“యా అల్లా! ఏటే ఇది?”

“సోషల్ ప్రాజెక్టు!” అంటూ నాలుగు చేపలు భర్త చేతిలో పెట్టి సాగిపోయింది.

మంగళవారం బడి నుంచి కబురొచ్చింది. చీవాట్లు తప్పవనుకుంటూ వెళ్లింది. టీచరు అనూరాధ చేతిలో పిల్లల ప్రాజెక్టు. చివరి పేజీలో ఆధారాలు: పోతమ్మ గారు, జగ్గయ్య గారు, మా జెరాక్స్ ఆంటీ గొంతు.

“వచ్చే నెల సిటీ బస్సుల మీద ప్రాజెక్టు. క్లాసంతటినీ తీసుకెళ్లగలరా? నలభై రెండు మంది,” అంది టీచరు, నవ్వాపుకుంటూ.

ఆ మాట పూర్తికాకుండానే మెహరున్నీసా సరేనంది. గేటు బయట కొట్లో సొంతానికో నోట్‌బుక్కు కొనుక్కుని బస్సెక్కింది. వచ్చే నెల దాకా ఆగుతుందా? “ఈ రూట్లో ఎన్నేళ్లుగా తిరుగుతన్నావు బాబూ?” అని కండక్టర్ని అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.